ఉదయగిరి చెక్క స్పూన్లకు జీఐ ఉంది కదా, నకిలీ అమ్మేవాళ్ల మీద కేసు వేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో మీ అమ్మగారు, మీ ఖాలా (అమ్మగారి తోబుట్టువు) చెక్క స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ఆన్‌లైన్‌లో ఎవరో 'ఒరిజినల్ ఉదయగిరి స్పూన్లు' అని ఫోటో పెట్టి, ఎక్కడివో మిషన్ స్పూన్లు మీ ధరలో సగానికి అమ్ముతున్నాడు. మీ ఖాలా చెక్కే చేప తోక పిడిని కూడా అచ్చు దించేశాడు. 'మనకు జీఐ వచ్చిందంటారు కదా, కేసు వేయొచ్చా? ఎవరు వేయాలి? ఖర్చెంత?' అని అడిగారు.

జీఐ అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే పేరుకు చట్టం ఇచ్చే గుర్తింపు. సూటిగా చెప్తాను. పేరు వాడుకున్నందుకు కేసు వేయొచ్చు. పిడి డిజైన్ కాపీ చేసినందుకు జీఐ కింద వేయలేరు. ఆ మొదటి కేసు కూడా మీ అమ్మగారి పేరు జీఐ రిజిస్టర్‌లో 'ఆథరైజ్డ్ యూజర్'గా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, ఉంటేనే ఆమె పేరు మీద నిలబడుతుంది. లేకపోతే జీఐ ఎవరి పేరున నమోదైందో ఆ సంస్థ వేయాలి. ఊళ్లో పుట్టాం, మూడు తరాలుగా ఇదే పని అంటే కోర్టు సానుభూతితో వింటుందే తప్ప, దావా మాత్రం ఆ రిజిస్టర్‌లో ఉన్న పేరు మీదే నడుస్తుంది.

నేను నెల్లూరులో ట్రేడ్‌మార్కు, జీఐ పనులు చూస్తుంటాను. వెంకటగిరి నేతవాళ్లు, తోలుబొమ్మలవాళ్లు, ఒంగోలు వైపు నుంచి చిన్న తయారీదారులు వస్తుంటారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఒక పేపర్ కటింగ్ ఉంటుంది: 'మన ఫలానాకు జీఐ ట్యాగ్'. మీ పేరు అందులో నమోదైందా అని అడిగితే, ఊరికి వచ్చిందంటే మాకూ వచ్చినట్టే కదా సార్ అంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

చట్టం పేరు భౌగోళిక గుర్తింపుల చట్టం, 1999. అమల్లోకి వచ్చింది 2003 సెప్టెంబరు 15న. దేశం మొత్తానికి రిజిస్ట్రీ ఒక్కటే, చెన్నైలో ఉంది. మనకు కొన్ని గంటల ప్రయాణమే. రిజిస్టర్‌లో రెండు భాగాలుంటాయి. ఎ భాగంలో జీఐ వివరాలు, దాని రిజిస్టర్డ్ ప్రొప్రైటర్ (సొంతదారు) పేరు. ఆ ప్రొప్రైటర్ ఎప్పుడూ ఒక సంఘమో, సొసైటీయో, ప్రభుత్వ సంస్థో అయి ఉంటుంది, ఒంటరి మనిషికి ఇవ్వరు. బి భాగంలో ఆథరైజ్డ్ యూజర్ల పేర్లు. జీఐ వచ్చింది అని పేపర్లో రాసేది ఎ భాగం గురించి. మీకు పనికొచ్చేది బి భాగం. ఆ పేరును సరుకు మీద వాడుకునే ప్రత్యేక హక్కును చట్టం ఇచ్చేది ఆథరైజ్డ్ యూజర్‌కే. ఉల్లంఘన జరిగితే కోర్టుకెక్కే హక్కు ప్రొప్రైటర్‌కూ, ఆథరైజ్డ్ యూజర్‌కూ ఇద్దరికీ ఉంది.

బి భాగంలో చేరడం జనం అనుకునేంత కష్టం కాదు. జీఐ-3 అనే ఫారం. ఫీజు ఒకప్పుడు ఐదు వందలు, 2020లో దాన్ని పది రూపాయలు చేశారు. అవును, పదే. ఫారంతో పాటు మీరు నిజంగా ఆ వస్తువు తయారు చేసేవారని చెప్పే వివరణ, అఫిడవిట్ పెట్టాలి. చేతివృత్తుల గుర్తింపు కార్డు, ఎగ్జిబిషన్‌లో స్టాల్ ఇచ్చిన కాగితం, పాత బిల్లులు, పని చేస్తున్న ఫోటోలు ఏవి ఉంటే అవి జత చేయండి. ప్రొప్రైటర్ సంస్థ నుంచి సమ్మతి లేఖ తెచ్చుకుంటే పని తేలిక. వాళ్లు ఇవ్వకుండా తిప్పుకుంటుంటే దరఖాస్తు ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో వాళ్లకు పంపి, ఆ రసీదును రిజిస్ట్రీకి చూపించండి. తర్వాత జీఐ జర్నల్‌లో ప్రచురిస్తారు, అభ్యంతరాలకు మూడు నెలల గడువు, కావాలంటే ఇంకో నెల. కాబట్టి ఈ రోజు దరఖాస్తు పెట్టి వచ్చే వారం కేసు వేద్దామంటే కుదరదు.

మీ ఖాలా పేరు మీద వేరే దరఖాస్తు పెట్టండి. ఒకే ఇంట్లో ఇద్దరెందుకు అనుకోవద్దు. ఈ హక్కును అమ్మడానికి, లీజుకివ్వడానికి, తాకట్టు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. యూజర్ చనిపోతే వారసులకు మాత్రం వస్తుంది. ఒక్కరి పేరే ఉండి రేపు ఇళ్లు వేరుపడితే రెండోవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చాలామందికి నచ్చదు. చట్టం దృష్టిలో 'ప్రొడ్యూసర్' అంటే చేతితో చెక్కేవాళ్లే కాదు, ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్లూ వస్తారు. అంటే మీ దగ్గర కొని అమ్మే షావుకారు కూడా ఆథరైజ్డ్ యూజర్ కావచ్చు. వెంకటగిరి వైపు నా దగ్గరికొచ్చిన ఒక వ్యవహారంలో జరిగిందిదే. కూలికి నేయించే మాస్టర్ వీవర్ పేరు రిజిస్టర్‌లో ఉంది, ఆయన కింద మగ్గం నేసే ఇళ్లవాళ్లలో ఒక్కరి పేరూ అందులో లేదు. ఆయనతో కూలి దగ్గర పేచీ వచ్చి నేతవాళ్లు సొంతంగా చీరలు అమ్మబోతే, 'నా పేరు వాడకూడదు' అని ఆయనే నోటీసు పంపాడు. నోటీసులో బలం లేదు, వాళ్లు నేసేది నిఖార్సైన వెంకటగిరి చీరే, పేరు ఆయన సొత్తూ కాదు. అయినా ఆ ఇళ్లలో టెన్షన్ పట్టుకుంది, పండగ అమ్మకాలు పోయాయి. తర్వాత అందరి చేతా దరఖాస్తులు పెట్టించాం. చేతితో చేసేవాళ్లు ముందే నమోదు కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

సరే, మీ ఆన్‌లైన్ మనిషి దగ్గరికి వద్దాం.

సరుకు ఎక్కడ పుట్టిందన్న విషయంలో కొనేవాణ్ణి తప్పుదారి పట్టించేలా పేరు వాడితే అది ఉల్లంఘన, 22వ సెక్షన్. ఎక్కడిదో మిషన్ స్పూన్‌కు 'ఒరిజినల్ ఉదయగిరి' అని పెట్టడం దీని కిందికి తిన్నగా వస్తుంది. అయితే రేపు వాడు తెలివిగా 'ఉదయగిరి స్టైల్' అని మార్చాడనుకోండి, కాస్త కష్టపడాలి. 'స్టైల్', 'రకం', 'నకలు' లాంటి మాటలు తగిలించినా తప్పే అనే గట్టి రక్షణ చట్టంలో ఉంది కానీ, అది కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన సరుకులకే. మిగతావాళ్లు కొనేవాడు మోసపోతున్నాడని చూపించుకోవాలి. చూపించవచ్చు, అసాధ్యమేమీ కాదు. పేజీలో ఉదయగిరి కొండ ఫోటో, 'తరతరాల కళాకారులు' లాంటి కబుర్లు ఉంటే అవే మీకు సాక్ష్యం.

ఇంకోటి. మీ దగ్గర న్యాయంగా కొన్న సరుకును హైదరాబాదు షాపువాడు నాలుగింతలకు అమ్ముకున్నా అది ఉల్లంఘన కాదు. ధర మీద కోపంతో కేసు వేద్దామని వచ్చేవాళ్లకు ముందే ఈ ముక్క చెప్పి పంపిస్తుంటాను.

సాక్ష్యం ముందు, నోటీసు తర్వాత. నోటీసు అందిన రాత్రికే పేజీ మాయమవుతుంది. అందుకని మొదట ఆ పేజీ స్క్రీన్‌షాట్లు తేదీ, లింకు కనిపించేలా తీయండి. ఉదయగిరి బయట ఉన్న బంధువు చేత ఒక సెట్ కొనిపించండి. బిల్లు, కొరియర్ కవరు, అమ్మినవాడి అడ్రసు, జీఎస్టీ నంబరు ఉన్న లేబుల్ అన్నీ దాచండి. పార్సిల్ విప్పేటప్పుడు మొత్తం ఆపకుండా వీడియో తీయండి, పక్కన ఒక సాక్షిని కూర్చోబెట్టుకోండి. ఫోన్‌లో తీసినవి కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, పాతకాలంలో 65బి అనేవాళ్లు. ఆ సర్టిఫికెట్ లేక మంచి ఫోటోలు పక్కకు పోవడం చూశాను.

తర్వాత ఆ ఆన్‌లైన్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ నిబంధనలు కొనుగోలుదారు కోసం పెట్టినవి. అందుకే కొన్న బంధువు పేరున ఒక ఫిర్యాదు, ఆథరైజ్డ్ యూజర్‌గా మీ అమ్మగారి పేరున ఇంకొకటి పంపుతాం. జీఐ సర్టిఫికెట్ ప్రతి, స్క్రీన్‌షాట్లు జతచేస్తే నేను చూసినవాటిలో ఎక్కువ పేజీలు ఇక్కడే దిగిపోయాయి. అదే మనిషి ఇంకో పేరుతో మళ్లీ పెడతాడనేది నిజమే, కానీ రెండోసారి పెట్టినప్పుడు 'తెలియక చేశాను' అనే మాట చెల్లదు.

అప్పటికీ ఆగకపోతే దావా. జిల్లా కోర్టు, లేదా అంతకంటే పెద్ద కోర్టులో వేయాలి. మీకు అనుకూలమైన సంగతేమిటంటే, అమ్మేవాడు ఢిల్లీలో ఉన్నా సరే, మీరు నివసించే, పని చేసుకునే చోటే ఉల్లంఘన దావా వేసుకోవచ్చని 66వ సెక్షన్ చెప్తోంది. ఢిల్లీ తిరగాల్సిన పని లేదు. దావా విలువ మూడు లక్షలు, అంతకు మించితే వాణిజ్య కోర్టుల చట్టం కూడా వచ్చిపడుతుంది. అప్పుడు అత్యవసరంగా స్టే అడగని దావాలకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, ఏ కోర్టన్నదీ మారొచ్చు. ఇది మీ వకీలు చేత తేల్చుకోండి. ప్రొప్రైటర్ సంస్థను కూడా పార్టీగా కలుపుకుంటే మంచిది. వాళ్లు కలవకపోయినా మీ హక్కు పోదు, కానీ కలిస్తే 'అసలు సొంతదారే మాట్లాడటం లేదు' అని అవతలి వకీలు వాదించకుండా ఉంటాడు.

పోలీసు కేసు సంగతి కూడా అడుగుతారని తెలుసు. ఉంది. జీఐని తప్పుగా తగిలించి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. అయితే సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ, లేదా ఆ పై స్థాయి అధికారి చేయాలి, దానికి ముందు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఊళ్లోని స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చి మర్నాడు దాడి జరుగుతుందనుకుంటే నిరాశ పడతారు. గోడౌన్ నిండా నకిలీ సరుకు ఉన్న పెద్ద వ్యవహారానికి ఇది పనికొస్తుంది. మీదానికి నా సలహా సివిల్ దారే.

చేప తోక పిడి గురించి. జీఐ కాపాడేది పేరును. ఆకారాన్ని, పనితనాన్ని, పద్ధతిని కాదు. ఎవరైనా అదే పిడి చెక్కి 'చెక్క స్పూన్' అని మాత్రమే అమ్ముకుంటే జీఐ చట్టం నోరెత్తదు. మీ ఖాలా సొంతంగా కొత్తగా కల్పించిన నమూనా అయితే డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేసుకోవచ్చు. పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు రక్షణ. కానీ బజారులోకి వచ్చేసిన డిజైన్‌ను తర్వాత నమోదు చేయడం కుదరదు, కొత్తదై ఉండాలి. మీ చేప తోక ఇప్పటికే అమ్ముడవుతోంది కనుక దానికి దారి మూసుకుపోయినట్టే. కాపీరైట్ ఉందిగా అంటారు. డిజైన్‌గా నమోదు చేయదగ్గదాన్ని నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో యాభై కంటే ఎక్కువ ముక్కలు తీస్తే ఆ కాపీరైట్ కూడా నిలవదు. తర్వాతి కొత్త నమూనాను స్టాల్‌లో పెట్టకముందే, వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టకముందే, దరఖాస్తు వేయండి.

జీఐ పరిధి ఎంత ఇరుకో తెలియాలంటే డార్జిలింగ్ కేసు చూడండి. దేశంలో నమోదైన మొదటి జీఐ డార్జిలింగ్ టీయే. ఒక పెద్ద హోటల్ తన లాంజ్‌కు 'డార్జిలింగ్ లాంజ్' అని పేరు పెడితే టీ బోర్డు కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. 2019లో దావా కొట్టేశారు. జీఐ హక్కు సరుకు మీద, హోటల్ గదికి పెట్టిన పేరు మీద కాదన్నారు, ఆలస్యంగా వచ్చారని కూడా అన్నారు. డబ్బూ వకీళ్లూ ఉన్న బోర్డుకే అలా జరిగింది. మనవాళ్లు నకిలీ కనిపించిన నెలలోనే కదలాలి, ఏళ్లు గడిపి కాదు.

ఇప్పుడు మీవైపు బలహీనత ఒకటి. ప్రతి జీఐకి ఒక స్పెసిఫికేషన్ ఉంటుంది: ఏ ప్రాంతం, ఏ ముడిసరుకు, ఏ పద్ధతి. రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఉదయగిరి పని అంటే నర్ది, బిక్కి, దేవదారి లాంటి కొండ చెక్కలు, చేతి పని. అడవి చెక్క దొరకని నెలల్లో బజారు చెక్క కొని చేస్తే, లేదా పని సగం మిషన్ మీద చేస్తే, అది స్పెసిఫికేషన్‌లో ఇముడుతుందా అన్నది ఆ పేపరు చదివి తేల్చుకోండి. ఇమడకపోతే ఆ ముక్కలకు ఉదయగిరి పేరు పెట్టకండి, వేరుగా అమ్మండి. నకిలీవాడి వకీలు మొదట అడిగేది 'మీరు చేసేది మాత్రం ఏ చెక్క?' అనే. అందుకే చెక్క కొన్న రసీదులు, అటవీ శాఖ కాగితాలు ఉంటే వాటిని బంగారం బిల్లుల్లా దాచమంటాను.

జిల్లాలు విడగొట్టారు కదా, జీఐ ఏమవుతుంది అని వెంకటగిరివాళ్లు 2022లో ఒకటే కంగారు. నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లారు మరి. ఏమీ కాదు. రిజిస్టర్‌లో మ్యాపుతో సహా నమోదైన ప్రాంతమే లెక్క, కలెక్టరు ఎవరన్నది కాదు. మీకు ఆ బెడద ఎలాగూ లేదు.

నేతవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మరమగ్గం చీరల మీద జీఐ కంటే మీకు దగ్గరి ఆయుధం 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం. అందులో 11 రకాలు చేనేతకే కేటాయించారు. వాటిని మరమగ్గం మీద నేస్తే, ఏ ఊరి పేరు పెట్టినా పెట్టకపోయినా, నేరమే. పేరు గొడవ లేదు గనుక రుజువు చేయడం తేలిక. చెక్క పనివాళ్లకు అలాంటి చట్టం లేకపోవడం మీ దురదృష్టం.

మార్కాపురం నుంచి ఒకాయన నన్నడిగేవారు, మా పలకలకు జీఐ ఎందుకు రాదూ అని. రాకూడదని చట్టంలో లేదు. చేతివృత్తులే కాదు, సహజ వస్తువులు, పరిశ్రమ సరుకులు కూడా జీఐకి అర్హమే. ఆ ఊరి రాయికీ, ఆ పనితనానికీ, ఆ పేరుకూ ముడి ఉందని పాత ఆధారాలతో చూపాలి, మ్యాపు ఇవ్వాలి, నాణ్యత చూసే ఒక తనిఖీ ఏర్పాటు చూపాలి. ఇవన్నీ వకీలు రాసిపెట్టగలడు. తయారీదారులందరూ కలిసి ఒక సంఘంగా సంతకం పెట్టడం మాత్రం వకీలు చేతిలో లేదు, నేను చూసిన దరఖాస్తులు ఆగింది ఎక్కువగా అక్కడే.

జీఐ వస్తే ధర పెరుగుతుందా అని మీ ప్రశ్న చివర్లో అడిగారు. దానంతటదే పెరగదు. పెరిగిన ఇళ్లు నేను చూశాను: వాళ్లు బిల్లు మీద ఆథరైజ్డ్ యూజర్ నంబరు వేశారు, 2018లో కేంద్రం తెచ్చిన జీఐ లోగోను అనుమతి తీసుకుని ప్యాకెట్ మీద వేశారు, ఏ చెక్కో, ఎవరు చెక్కారో చిన్న చీటీ పెట్టారు. సర్టిఫికెట్‌ను సంఘం ఆఫీసు గోడకు తగిలించి ఊరుకున్నచోట ఏ మార్పూ లేదు, దళారి రేటే రేటు.

ఖర్చు. ఆథరైజ్డ్ యూజర్ దరఖాస్తుకు ఫీజు పది రూపాయలు పోను నోటరీ, జిరాక్సులు, పోస్టు. వకీలు లేకుండానే పెట్టొచ్చు, ఫారం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఎవరైనా దీనికి వేలల్లో అడిగితే ఇంకొకరిని చూసుకోండి. ఆన్‌లైన్ ఫిర్యాదుకు ఖర్చు లేదు. దావా మాత్రం వకీలును బట్టి ఉంటుంది, అందులో నష్టపరిహారం మీద ఆశ పెట్టుకుని ఖర్చు లెక్క వేయకండి. చిన్న అమ్మకందారు ఎంత అమ్మాడో రుజువు కావడం కష్టం, ముందు దొరికేది ఇంజంక్షనే, అంటే అమ్మకం ఆపమనే కోర్టు ఉత్తర్వే. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు మీ అమ్మగారి పేరున అర్జీ పెట్టండి. చాలామంది ఈ సంగతి వాడుకోరు.

ఒక్కటి మాత్రం ఈ రోజే చూడండి. జీఐ నమోదు పదేళ్లకే, తర్వాత రెన్యువల్ చేయాలి, అది ప్రొప్రైటర్ సంస్థ పని. యూజర్ నమోదు కూడా పదేళ్లు, లేదా అసలు జీఐ గడువు తీరేదాకా, ఏది ముందైతే అది. రిజిస్ట్రీ సైట్‌లో ఉదయగిరి పేరు కొట్టి, గడువు ఎప్పటిదాకా ఉందో, ప్రొప్రైటర్ ఎవరో, బి భాగంలో ఇప్పటికే ఎవరెవరున్నారో చూసి ఇక్కడే రాయండి. మీ బంధువులెవరైనా అందులో ముందే ఉంటే మీ అమ్మగారి నమోదు దాకా ఆగకుండా నోటీసు వాళ్ల పేరునే పంపొచ్చు.